ఈకలది కాదు, ఇనపది

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె మిషన్లత్తయ్య. కుట్టుమిషన్లు బాగుచేసేవాడు కాబట్టి భర్త మిషన్ల మావయ్య అయ్యాడు, ఆయన పక్కన ఉంది కాబట్టి ఈమె అత్తయ్య అయింది. ఆయన పోయి పది నెలలు దాటింది. ఎవరి మిషన్లు వాళ్ళు ఒకటొకటిగా పట్టుకుపోయారు. పిలుపు మాత్రం ఆమెకు మిగిలింది.

ఇల్లు రెండు గదులు. ముందుగది పనికి, వెనకగది బతుక్కి అనేవాడాయన. చెప్పడం అలా చెప్పేవాడు కానీ, వాళ్ళ బతుకంతా ముందుగదిలోనే గడిచింది. కిటికీ కింద గోడ పొడుగునా బల్ల. దాని మీద వెల్లకిలా తిప్పిపెట్టిన మిషన్లు, ముక్కు వంగిన నూనె డబ్బా, రంగు పోయిన బిస్కెట్ డబ్బాల్లో రకానికొకటిగా మరలు. మేకులకు వేలాడే తోలు బెల్టులు. కిందపడ్డ సూదులు ఏరడానికి దారం కట్టిన అయస్కాంతం. ఆ ఇంటికి ఎవరొచ్చినా ముందు నూనె వాసన పలకరించేది, తర్వాతే మనుషులు.

ఆమె చదువు నాలుగో తరగతితో ఆగింది. తల్లి ఇంట్లో కూర్చుని చిరుగులూ అంచులూ కుట్టిపెట్టేది. ఆమెకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు ఆ మిషను మొరాయిస్తే తల్లీకూతుళ్ళు చెరో పక్క పట్టుకుని ఈ గదికి మోసుకొచ్చారు. బల్ల దగ్గర ఒక కుర్రమనిషి ఉన్నాడు. ఎడమకాలు చిన్నప్పుడే జబ్బు చేసి సన్నబడిపోయిందట, నడిస్తే భుజం ఒక పక్కకు ఒరిగేది. మిషను విప్పాడు, తుడిచాడు, బిగించాడు. ఒక గీత కుట్టమ్మాయ్ అని ఆమెకు గుడ్డముక్క ఇచ్చి, స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుని ఆమె కుట్టడం ఆపింది.

“ఆపకు. నేను చాలు అనేదాకా కుట్టు” అన్నాడు.

మిషనును కళ్ళతో కాదు, చెవితో చూడాలని ఆయన పద్ధతి. ఎక్కడ తడబడుతోందో, ఎక్కడ నూనె చాల్లేదో చప్పుడు చెప్పేస్తుందట. ఆ రోజు మాత్రం చాలు అనడానికి చాలాసేపు పట్టింది. పెళ్ళయ్యాక ఒప్పుకున్నాడు, మిషను మొదటి గీతకే కుదిరిపోయిందని, కుట్టే మనిషిని ఇంకాసేపు చూద్దామని ఊరుకున్నానని. కళ్ళు మూసుకుని ఏం చూశారండీ అని ఆమె అడిగితే, ఒకటి కొంచెం తెరిచే ఉంచానులే అన్నాడు.

అప్పట్నుంచి ముప్పై రెండేళ్ళు ఆమె పని అదే. ఆయన బాగుచేసిన ప్రతి మిషను మీదా ఆమె ఒక గీత కుట్టాలి, ఆయన కళ్ళు మూసుకుని వినాలి. చాలు అన్నాక ఆ గుడ్డముక్క తీసుకుని ముందువైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి తిప్పి చూసేవాడు. పైన కుట్టు ఎలా ఉందో కిందా అలాగే ఉండాలి. అలా కుట్టిన ముక్కలు మంచం కింద రెండు పెట్టెల నిండా ఉన్నాయి. దేనికీ పనికిరావు. పారేయడానికీ చేతులు రాలేదు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఊరికి ఆ చివర కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేస్తుంది, అక్కడికి దగ్గర్లోనే కాపురం. ఆదివారం వచ్చి చూసిపోతుంది. తండ్రికి ఫోను కొనిచ్చింది ఆ పిల్లే. అప్పటికి కొట్టుల్లో పాత మిషన్ల సామాను దొరకడం మానేసింది. అన్నీ కొత్తరకం తేలిక మిషన్లు, పాడైతే బాగుచేసేది లేదు, ఇంకోటి కొనుక్కోవడమే. పాత సామాను ఏ మూల ఉన్నా ఇందులో వెతకొచ్చు నాన్నా అని చెప్పి, రాయడం ఆయనకు అంతగా రాదు కాబట్టి నోటితో అడగడం నేర్పించింది. ఇక్కడ నొక్కి పట్టుకుని నీకేం కావాలో చెప్పు, అంతే.

అప్పుడు ఆయన చేతిలో ఉన్నది గౌన్ల వదిన మిషను. గౌన్ల వదిన అంటే రెండిళ్ళ అవతల పిల్లల గౌన్లు కుట్టే ఆవిడ. ఆ మిషను ఆవిడ నాయనమ్మది, నల్లది, కదిలించాలంటే ఇద్దరు కావాలి. దాని షటిల్ అరిగిపోయి కొన విరిగింది. షటిల్ అంటే మిషను అడుగున ఉండే ఇనప ముక్క, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పైనుంచి సూది తెచ్చిన దారాన్ని అందుకుని కింది దారంతో కలిపేది అదే. అది లేకపోతే మిషను తిరుగుతుంది కానీ కుట్టదు.

ఆయన ఫోన్ని నోటి దగ్గర పెట్టుకుని, దూరాన ఉన్న మనిషిని కేకేసినట్టు, షటిల్ కావాలి అన్నాడు. ఫోను తెల్లటి ఈకలు గుచ్చిన ఆట షటిళ్ళు చూపించింది, వాటి పక్కన బ్యాట్లు.

“ఈకలది కాదు, ఇనపది” అన్నాడాయన.

ఈకలు అన్నందుకు ఈకల దిండ్లు చూపించింది. ఇనప అన్నందుకు కండలు పెంచే ఇనప గుండ్లు చూపించింది. ఇదెక్కడి గోల అనుకుని, మిషను షటిల్ అని విడమరిచి చెబితే, మైదానంలో నిలబెట్టుకుంటే ఎదుటివాడి మీదికి షటిళ్ళు విసిరే మిషను ఒకటి ఉందట, అది చూపించింది. భార్యాభర్తలిద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుకుంటూ ఒక్కో బొమ్మా వేలితో జరిపి జరిపి చూశారు. అదే వాళ్ళు చేసిన తప్పు.

మర్నాటి నుంచి ఏం అడిగినా, అడక్కపోయినా, ఫోను తెరిస్తే చాలు బ్యాట్లు, పరుగుకు బూట్లు, చెమట పీల్చే చొక్కాలు. ఛాంపియన్, ఈ వారం ఆటకు సిద్ధమా అని పలకరింపు. సంగతి వీధంతా పాకింది. గౌన్ల వదిన గుమ్మంలో నిలబడి, ఏం ఛాంపియనన్నయ్యా, పోటీలయ్యాక చూస్తావా నా మిషను అని దెప్పిపొడిచేది. ఆయన తక్కువ తిన్నాడా. నేనిక్కడ నూనె మరకల్లో దొర్లుతుంటే, దాని లెక్కలో పొద్దున్నే ఆట ఆడి, మధ్యాహ్నం ఇనప గుండ్లెత్తి, ఈకల దిండు మీద పడుకునే దొరనమ్మా నేను, నాకు మీ గౌన్ల మిషను ఆనుతుందా అనేవాడు.

ఆదివారం కూతురొచ్చి చూసి తల కొట్టుకుంది. అది నీ మాట ఒక్కటే వినదు నాన్నా, ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగావో కూడా కనిపెడుతుంది, అమ్మేవాళ్ళంతా ఆ సంగతి ఒకళ్ళకొకళ్ళు చేరవేసుకుంటారు, అందరూ కలిసి నువ్విలాంటి మనిషివని ఒక బొమ్మ చేసి పెట్టుకుంటారు అని చెప్పింది. అయితే పక్కింటి పెద్దమ్మను మించిందన్నమాట అన్నాడాయన. ఒకసారి ఆటగాడివని అనుకుంది కదా, ఇక నువ్వేమన్నా ఆటలోకే లాగుతుంది, ఉన్నదంతా చెరిపేస్తాను, మళ్ళీ కొత్తగా అడుగు, సరిగ్గా చూపిస్తుంది అంది ఆ పిల్ల.

ఆయన ఫోన్ని వెనక్కి తీసుకున్నాడు. తెర మీద పరుగుబూట్ల జత ఉంది. మీ కొలత చెప్పండి అని అడుగుతోంది. ఆయన తన కాలు వంక చూసుకోలేదు. భార్య చూసింది.

“ఉండనియ్యవే” అన్నాడు కూతురితో. “పాపం, నేను గెంతుతాననుకుంటోంది. దానికి నా కాలు సంగతి చెప్పకండి.”

నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత ఎవరూ చెరిపేయమనలేదు. షటిల్ దొరకలేదు. గౌన్ల వదిన మిషను బల్ల మీద ఆ చివర రెండేళ్ళు అలాగే కూర్చుంది.

ఆయన పోయిన రోజు కూడా పనే. మధ్యాహ్నం ఎవరిదో చిన్న మిషను బిగించి, ఒక గీత కుట్టవోయ్ అన్నాడు. స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు. ఆమె కుట్టింది. గుడ్డ చివరికొచ్చింది. ఆయన చాలు అనలేదు. తిప్పి ఇంకో గీత వేసింది, దాని పక్కన ఇంకోటి. పాత వేషాలు వేస్తున్నాడనుకుంది. ఒక కన్ను తెరిచి చూస్తున్నాడేమో దొంగ అనుకుని, సిగ్గుపడి, తలెత్తకుండా కుట్టింది. కుడుతుండగా కింది దారం అయిపోయింది. సూది ఉత్తినే గుడ్డను పొడుస్తోంది. ఆ చప్పుడు ఆయన ఒక్క క్షణం భరించేవాడు కాదు, వెనకగదిలో ఉన్నా దారం అయిపోయిందని కేకేసేవాడు. సూది పది పోట్లు పొడిచింది. ఇరవై పొడిచింది. అప్పుడు ఆమె చక్రం మీంచి చెయ్యి తీసింది.

ఆ గుడ్డముక్క పెట్టెలో వెయ్యలేదు. దిండు కింద పెట్టుకుంది. పదకొండు గీతలున్నాయి దాని మీద. ఏ గీత దగ్గర ఆయన పోయాడో కుట్టు చూస్తే తెలుస్తుందేమోనని ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తుంది. దారం అయిపోయేదాకా అన్నీ ఒకేలా ఉన్నాయి. మిషను అంత బాగా కుదిరింది.

వచ్చినవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. పది రోజులు తిరక్కుండానే అందరి నోళ్ళలోనూ ఆయన మారిపోయాడు. ఉన్నాడు అనేవాళ్ళు ఉండేవాడు అన్నారు. చేస్తాడు అనేవాళ్ళు చేసేవాడు అన్నారు. కన్నకూతురు కూడా అంతే. ఆ ఆదివారం ఛార్జింగ్ అయిపోయి చల్లబడిపోయిన ఫోన్ని ఆ పిల్లే తీసి ఛార్జింగ్ పెట్టింది. కాసేపటికి తెర వెలిగింది. ఛాంపియన్, చాలా రోజులైంది, మళ్ళీ ఆటలోకి వస్తారా అని అడిగింది ఫోను. పక్కన బూట్లు.

ఆమె ఫోన్ని చేతిలోకి తీసుకుంది. దీనికి తెలీదు అనుకుంది. ఒక్క దీనికే ఇంకా తెలీదు.

ఇక అదొక అలవాటైంది. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని బల్ల దగ్గర కూర్చునేది, ఇవాళ ఆయనకు ఏం తెచ్చావని ఫోన్ని తెరిచేది. నీలం బూట్లు తెచ్చేది. మణికట్టుకు పట్టీలు తెచ్చేది. చలి మొదలవగానే ఉన్ని చొక్కా తెచ్చింది, ఆయన వయసుకు నప్పే రంగు. పొద్దున పరుగుకు వెళ్ళేటప్పుడు చెవులు కప్పుకోమంది. ఆమె వాటిని చూసేది, జరిపేది, ఏమీ కొనేది కాదు. ఇంట్లో ఫోను ముందు మాత్రం జాగ్రత్తగా ఉండేది. అది వింటుందని కూతురు చెప్పింది కదా, ఏడుపొస్తే దాన్ని బల్ల మీద వదిలేసి, వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చేది. ఆయన చెప్పొద్దన్నది కాలి సంగతి. ఆమె దాచింది అంతకన్నా పెద్ద సంగతి.

ఆర్నెల్లు దాచింది. ఏడో నెలలో తనే చెప్పేసింది.

తలుపు వెనక ఆయన పనిచొక్కా ఉంటుంది. ఉతకలేదు. మిషను నూనె, చెమట, కొంచెం తుప్పు, అదీ దాని వాసన. ఒక పొద్దున ముఖం ఆనించి చూస్తే ఉత్త గుడ్డ వాసన వచ్చింది. గట్టిగా పీల్చింది, మెడ పట్టీ దగ్గర, చంక దగ్గర. ఉందో లేదో తెలియలేదు. ఎవర్ని అడగాలి ఇలాంటిది? కాళ్ళు వాటంతటవే బల్ల దగ్గరికి తీసుకెళ్ళాయి. ఆయన నొక్కినట్టే నొక్కి పట్టుకుని అడిగింది, మనిషి పోయాక బట్టల్లో వాసన ఎన్నాళ్ళుంటుందని.

ఫోను సబ్బుపొడి చూపించింది. ఎంత మొండి వాసనైనా ఒక్క ఉతుకుతో మాయం అని రాసి ఉంది.

పొయ్యి మీద గిన్నె ఉత్త చేత్తో పట్టుకున్నట్టు చటుక్కున కింద పెట్టేసింది. కానీ మాట నోరు దాటిపోయింది. రెండు రోజులు అన్నీ సబ్బులే. మూడో రోజు ఫొటో కట్టే చట్రాలు వచ్చాయి, మీ ఆత్మీయుల జ్ఞాపకానికి అని. వాటిలో ఒకదానిలో నమూనాకు ఎవరో ముసలాయన ఫొటో పెట్టారు. ఆ ముఖానికీ ఈయన ముఖానికీ పోలికే లేదు, చెవి ఒక్కటి తప్ప. చెవి తమ్మె అచ్చం ఇలాగే బయటికి విచ్చుకుని ఉంది. ఆమె ఆ చెవి దగ్గర ఆగిపోయింది. ఎంతసేపు ఆగిందో ఆమెకు తెలీదు, ఫోనుకు తెలుసు.

ఆ తర్వాత చట్రాలు వరదలా వచ్చాయి. చట్రాల వెనక సమాధి రాళ్ళు, నల్లవి, బూడిదరంగువి, పేరు ఉచితంగా చెక్కిస్తామని. ఒంటరిగా ఉంటున్నారా అని ఒకటి. నిద్ర పట్టడం లేదా అని ఒకటి. నిజంగానే పట్టడం లేదు. ఇదెలా కనిపెట్టింది అనుకుని అక్కడా ఆగింది. బూట్లు వారానికి ఒకసారి కనిపించేవి, తర్వాత అవీ లేవు. ఛాంపియన్ అన్న పిలుపు పోయింది.

వెనక్కి తెచ్చుకుందామని ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. గొంతు లావు చేసుకుని, షటిల్, షటిల్ బ్యాటు అని రోజూ అడిగేది. నియమాలు తెలియని ఆటను, ఎవరు గెలుస్తున్నారో అర్థం కాని ఆటను ఫోనులో పెట్టి, ఇల్లు ఊడుస్తూ, గిన్నెలు కడుగుతూ గంటలకొద్దీ నడవనిచ్చేది. ప్రయోజనం లేకపోయింది. చట్రమో, రాయో కంటపడగానే బొటనవేలు ఆగిపోయేది. నోటితో అబద్ధం చెప్పగలిగింది కానీ వేలితో చెప్పలేకపోయింది. ఫోను వేలినే నమ్మింది. కొన్నాళ్ళకు రెండూ కలిపి ఒక లెక్క కట్టి తెచ్చింది: తోడు కోల్పోయిన పెద్దవయసు ఆడవాళ్ళ కోసం షటిల్ తరగతులు, కొత్త స్నేహాలు.

ఫోను లోపల పరుగెత్తుతుండే మనిషి ఇక లేడు. ఆమె వచ్చి కూర్చుంది ఆయన చోట.

పదో నెలలో గౌన్ల వదిన వచ్చింది. గుమ్మంలో నిలబడి గోడ మీద సున్నం గోకుతూ కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పింది. అసలు మాట చివర్న వచ్చింది.

“అన్నయ్య ఉండగా ఒక్కనాడు తొందరపెట్టానా వదినా? ఆ షటిల్ దొరక్కపోతే అది ఇనప ముద్దేనని అన్నయ్యే అన్నాడు కదా. పాతసామాన్లవాడు బండి తెచ్చాడు. నాక్కూడా మనసొప్పి కాదు.”

“తీసుకెళ్ళు వదినా. నీ మిషను, నువ్వడగాలా” అంది ఆమె.

చెరో పక్క పట్టుకుని బండి దాకా మోశారు. ఎప్పుడో తల్లితో కలిసి మోసిన బరువు లాంటిదే. తిరిగొచ్చి చూస్తే బల్ల మీద మిషను అడుగున్న మేర చదరంగా, దుమ్ము లేకుండా, ఆయన నూనెతో నల్లగా మెరుస్తోంది. చుట్టూ పది నెలల దుమ్ము.

ఆ వారమే, ఆదివారం కూతురొచ్చింది. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆ పిల్ల ముందుగదిలో ఫోను తెరిచింది. ఆమె లోపలికొచ్చేసరికి కూతురు కళ్ళు తుడుచుకుంటోంది.

“ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నావమ్మా ఈ రాళ్ళనీ, ఈ చావు ఫొటోల్నీ? నాకొక్క మాట చెప్పొద్దూ?” అంది. “అన్నీ చెరిపేశాను. మొదటి నుంచీ ఉన్నదంతా తీసేశాను. ఇక నిన్నేడిపించదు.”

“మొదటి నుంచా?”

“మొదటి నుంచే. కొత్త ఫోను లెక్క.”

ఆమె తడిచేతులు చీర కొంగుకు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడిచింది.

“మీ నాన్న ఉన్నాడే అందులో” అంది.

కూతురికి మొదట అర్థం కాలేదు. ఫొటోలు ఎక్కడికీ పోలేదు, అన్నీ భద్రంగా ఉన్నాయి చూడు అని చూపించబోయింది. ఫొటోలు కాదని ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఆ పిల్లకు తట్టింది.

“ఆ ఆటగాడా? వాడు నాన్న కాదమ్మా. వాడు ఎవడూ కాడు. వాళ్ళ పొరపాటు, అంతే.”

“అవుననుకో.”

“అమ్మా, మళ్ళీ తేవడం నా వల్ల కాదు” అంది ఆ పిల్ల చిన్నగొంతుతో.

“నాకు తెలుసు లేవే. నువ్వు నా మంచికే చేశావు. టీ పెడతాను, తాగి వెళ్ళు.”

తాగి వెళ్ళింది. పొద్దు ఇంకా వాలలేదు. కిటికీలోంచి ఎండ బల్ల మీది చదరం మీద పడుతోంది. ఆమె ఆయన స్టూలు మీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోలేదు ఆ స్టూలు మీద, మిషను వైపే ఆమె చోటు. ఫోను తెరిస్తే, ముక్కూ ముఖం తెలియనివాళ్ళతో మాట్లాడినట్టు, మీకు ఏవి ఇష్టమో ఎంచుకోండి అని అడిగింది. వంటలు, ప్రయాణాలు, ఆటలు, పాటలు. ఆమె ఏదీ ఎంచుకోలేదు. నొక్కి పట్టుకుని, షటిల్ అంది.

తెల్లటి ఈకలు వచ్చాయి. పిల్లలాడుకునే చవకరకం జత. కొత్తగా నేర్చుకునేవారికి అని రాసి ఉంది.

ఆమె వాటిని చూస్తూ కూర్చుంది. నవ్వు రాలేదు. అయినా నోటికి అలవాటైన మాట, ఆయన పలికే తీరులోనే, దూరాన ఉన్న మనిషిని కేకేసినట్టు బయటికొచ్చింది.

“ఈకలది కాదు, ఇనపది. పాత కుట్టుమిషనుది.”

ఫోను ఒక్క క్షణం ఆలోచించి చూపించింది.

అదే. అరచేతిలో ఇమిడేంత ఇనప ముక్క, ఒక పక్క నెలవంకలా వంగి, చివర పదునుగా. విరగని కొన. గౌన్ల వదిన మిషను లాంటి నల్ల మిషను బొమ్మ పక్కనే ఉంది, దీనికి సరిపోతుందని. ఇప్పుడు దానికి అర్థమైంది. అడ్డంగా నిలబడ్డ ఆటగాడు పోయాడు కాబట్టి అర్థమైంది. రెండేళ్ళూ ఇది ఇక్కడే ఉంది. ఒక్కసారి చెరిపేయనిస్తే దొరికేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసే ఉండనియ్యవే అన్నాడు.

మిషను పాతసామాన్లలో కరగడానికి వెళ్ళిపోయి నాలుగు రోజులు.

బొమ్మ కింద చిన్న వీడియో ఉంది. వేలు తగిలి మొదలైంది. ఎవరివో రెండు చేతులు, మనిషి కనపడడు. నల్ల మిషను అడుగు తెరిచి, ఆ ముక్కను బిగించి, మూత వేసి, గుడ్డ పెట్టి చక్రం తిప్పాయి. కుట్టు పడసాగింది. ఆమె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. చప్పుడు సరిగ్గా ఉంది. ఎక్కడా తడబాటు లేదు, నూనె చాలింది, కింది దారం పైదారాన్ని అందుకుంటోంది. మొదటి గీతకే తెలిసిపోయింది ఆమె చెవికి.

గీత పూర్తయింది. వీడియో దానంతటదే మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. మళ్ళీ అదే గీత. మళ్ళీ. ఎవరో ఒకరు చాలు అనాలి. ఆమె అనలేదు. ఫోను కుడుతూనే ఉంది.